టైటానియం ఇంప్లాంట్ పై పొర పదిలంగా ఉండాలంటే

"టైటానియం అంటే తుప్పు పట్టని లోహం కదండీ, ఒకసారి వేయించుకుంటే ఇంక చూసుకునే పనేముంది?" భీమవరంలో మా డెంటల్ ల్యాబ్‌కి పంటి రంగు సరిచూపించుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామంది అడిగే మాట ఇది. తుప్పు పట్టదన్నది చాలావరకు నిజమే. అయితే ఆ గుణమంతా లోహం మీద కంటికి కనపడకుండా ఉండే ఒక పొరది. ఆ పొర సంగతి తెలిస్తే ఏ ఇంప్లాంట్ (పోయిన పంటి వేరుకి బదులు దవడ ఎముకలో దించే లోహపు మర) అడగాలో, దాని మీద ఏ లోహం పెట్టించుకోకూడదో, ఇంట్లో ఎలా తోముకోవాలో, క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు గారిని ఏమడగాలో తేలిగ్గా అర్థమవుతుంది. నేను టెక్నీషియన్ని. దవడలో ఇంప్లాంట్ దించేది డాక్టర్లు, దాని మీద కూర్చునే భాగాలు తయారుచేసేది మేము. కాబట్టి ఇక్కడ రాసేదంతా లోహం వైపు నుంచి రాస్తున్నాను. ఎముక చాలుతుందా, షుగరు అదుపులో ఉందా అన్నవి డాక్టరు గారు చూసి చెప్పాల్సినవి.

టైటానియానికి గాలి తగలడమే ఆలస్యం, ఆక్సిజన్‌తో కలిసి పైన టైటానియం డయాక్సైడ్ పొర కట్టేస్తుంది. మిల్లీమీటరుని పది లక్షల భాగాలు చేస్తే అందులో ఓ నాలుగైదు భాగాలంత మందం ఉంటుంది. గీత పడితే రెప్పపాటులో ఆ గీత మీద మళ్ళీ పొర వస్తుంది. ఎముక కణాలు వచ్చి అతుక్కునేది కూడా ఈ పొరకే. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. ఇవాళ మన ఊళ్ళలో వేస్తున్న ఇంప్లాంట్లన్నిటికీ మూలం అదే.

నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఒక భయం ఉంటుంది: మా బోరునీళ్ళు ఉప్పు, వాటితో రోజూ పుక్కిలిస్తే ఇంప్లాంట్ పాడవదా అని. పాడవదు. ఉప్పుని తట్టుకోవడంలో టైటానియానికి సాటి వచ్చే లోహాలు తక్కువ, సముద్రపు నీళ్ళు పారే గొట్టాలకి కూడా దాన్ని వాడతారు. మన తీరం ఇసుకలో కనిపించే నల్లటి గింజల్లో ఇల్మనైట్ ఉంటుంది, టైటానియం తీసేది అలాంటి ఖనిజం నుంచే. కాబట్టి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో నిశ్చింతగా పుక్కిలించండి.

ఆ పొరని దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. ఆమ్లం, ఫ్లోరైడ్ రెండూ ఒకేచోట చేరడం. ఆక్సిజన్ అందని ఇరుకు సందులో పాచి పేరుకుపోవడం. వదులైన స్క్రూ దగ్గర నమిలినప్పుడల్లా రాపిడి జరగడం. పక్కనే తక్కువరకం లోహం తగులుతూ ఉండటం. ఒక్కొక్కటి విడిగా వస్తే టైటానియం తట్టుకుంటుంది. రెండు మూడు కలిసినప్పుడే చిక్కు: రాపిడికి పొర లేచిపోతుంది, కొత్తది కట్టుకునేలోపు ఆమ్లం పడుతుంది, సన్నటి లోహపు రేణువులు చిగురులోకి వెళ్తాయి. చిగుళ్ళు వాచి ఎముక తరిగిపోయిన ఇంప్లాంట్ల చుట్టూ ఇలాంటి రేణువులు దొరికాయి. జబ్బు వల్ల అవి వచ్చాయా, అవి రావడం వల్ల జబ్బు వచ్చిందా అన్నదాని మీద నిపుణుల్లో ఇంకా వాదన నడుస్తోంది. ఏదైనా రేణువులు రాలకుండా చూసుకోవడమే మంచిది.

వేయించుకునే ముందు అడగాల్సినవి

మొదటిది గ్రేడు. ఇంప్లాంట్లకి ఎక్కువగా వాడేవి రెండు రకాలు. గ్రేడ్ 4 అంటే దాదాపు శుద్ధ టైటానియం. గ్రేడ్ 5 లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలుస్తాయి, దానివల్ల బలం బాగా పెరుగుతుంది. ఇదే రకంలో మలినాలు ఇంకా తగ్గించినదాన్ని గ్రేడ్ 23 అంటారు. ఎముకలో ఉండే భాగానికి గ్రేడ్ 4, పైన బిగించే అబట్‌మెంటుకీ (క్యాపుని మోసే ముక్క) స్క్రూకీ గ్రేడ్ 5 అన్నది చాలా కంపెనీలు పాటించే పద్ధతి. సన్నటి ఇంప్లాంట్ వేయాల్సిన చోట గ్రేడ్ 5 గానీ, జిర్కోనియం కలిపిన టైటానియం గానీ వాడటంలో తప్పులేదు, అక్కడ బలం కావాలి. డబ్బా మీద గ్రేడు గానీ, ఏఎస్‌టీఎం ఎఫ్ 67 (శుద్ధ టైటానియం), ఎఫ్ 136 (గ్రేడ్ 23) లాంటి ప్రమాణం గానీ, లైసెన్సు నంబరూ లాట్ నంబరూ గానీ చూపించలేనివాళ్ళ దగ్గర ధర ఎంత తక్కువైనా నేనైతే వద్దంటాను.

రెండోది పైన చేసిన పని, అంటే సర్ఫేస్ ట్రీట్‌మెంట్. బ్రోనెమార్క్ కాలంలో లేతు మీద తిప్పిన నున్నటి ఇంప్లాంట్లే ఉండేవి. కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగితేగానీ పన్ను పెట్టేవారు కాదు. పైభాగం కాస్త గరుకుగా ఉంటే ఎముక తొందరగా, గట్టిగా పడుతుందని తర్వాత తేలింది. గరుకు మితంగానే ఉండాలి. సగటున 1 నుంచి 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎత్తుపల్లాలు ఉంటే బాగుంటుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకున్న లెక్క.

ఆ గరుకు తెచ్చే పద్ధతుల్లో ఎక్కువగా వినపడే పేరు ఎస్‌ఎల్‌ఏ. ముందు పెద్ద రేణువుల అల్యూమినాని (అల్యూమినియం ఆక్సైడ్ గరుకు పొడి) ఒత్తిడితో ఊదుతారు, పెద్ద గుంటలు పడతాయి. తర్వాత వేడి ఆమ్లాల్లో ముంచుతారు, ఆ గుంటల్లో చిన్న చిన్న గుంతలు పడతాయి, ఇరుక్కున్న అల్యూమినా రేణువులు కూడా చాలావరకు పోతాయి. ఈ కడుగుడు ఎంత శ్రద్ధగా చేశారన్న దగ్గరే మంచి కంపెనీకీ నాసిరకానికీ తేడా వస్తుంది. ఎముక బాగున్న చోట ఈ రకానికి ఆరు వారాలకే పన్ను పెట్టేస్తున్నారు. ఆమ్లం పని అయ్యాక గాలి తగలనివ్వకుండా సెలైన్‌లోనే ఉంచి పంపే రకం కూడా ఉంది. గాలిలోని కార్బన్ మురికి పట్టకపోవడం వల్ల దానికి రక్తం ఇట్టే అంటుకుంటుంది. అల్యూమినా బదులు కరిగిపోయే కాల్షియం ఫాస్ఫేట్ రేణువులతో ఊదే పద్ధతిని ఆర్‌బీఎం అంటారు, అందులో మిగిలిపోయే రేణువుల బెడద ఉండదు. ఇంకొకటి యానోడైజింగ్, కరెంటుతో ఆ ఆక్సైడ్ పొరనే మైక్రాన్ల మందానికి పెంచడం. 2000లో నోబెల్ బయోకేర్ కంపెనీ తెచ్చిన టైయునైట్ ఆ కోవలోది. ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీఅపటైట్ పూత పూసినవి ఒకప్పుడు బాగా నడిచాయి. పూత ఊడిపోవడం, కరిగిపోవడం కనపడటంతో వాటి వాడకం తగ్గింది.

వీటిలో ఏది గొప్ప అని నన్ను అడిగితే, కంపెనీ నమ్మకమైనదైతే ఎస్‌ఎల్‌ఏ అయినా యానోడైజ్ అయినా ఒకటేనంటాను. ఇంప్లాంట్ మెడ దగ్గర, అంటే చిగురు వైపు ఉండే పైభాగంలో, ఎలా ఉందో మాత్రం తప్పకుండా అడగండి. గరుకు ఎముకలో ఉన్నంతవరకూ మేలు చేస్తుంది. ఎముక దిగిపోయి ఆ గరుకు మరలు చిగురులోకి బయటపడితే పాచి పట్టుకుపోతుంది, ఎంత శుభ్రం చేసినా పూర్తిగా పోదు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి, ఖైనీ, చుట్ట అలవాటున్నవాళ్ళకి మెడ దగ్గర నున్నగా వదిలిన రకం నయమని డాక్టరు గారితో మాట్లాడండి.

మూడో సంగతి డాక్టర్ల కోసం. ఇంప్లాంట్‌ని అది ప్యాక్ అయి వచ్చిన గొట్టంలోంచి నేరుగా ఎముకలోకి దించండి. స్టీలు ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే ఇనుము రేణువులు పైన అంటుతాయి. హీలింగ్ క్యాపులు (చిగురు మానేదాకా ఇంప్లాంట్ మీద బిగించే మూతలు) ఒకరివి తీసి కడిగి ఇంకొకరికి పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములని చంపే మెషీను) చేసినా వాటిమీది ప్రొటీన్ మరకలు పూర్తిగా పోవు. ఆటోక్లేవ్‌లో బోరునీళ్ళు పోయకండి, డిస్టిల్డ్ వాటరే పోయండి. టైటానియం భాగాలని స్టీలు సామానుతో కలిపి ఒకే ట్రేలో వేయకండి.

పైన పెట్టే లోహం సంగతి

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, పేషెంటుకి ఎవరూ చెప్పనిది కూడా ఇదే. మంచి ఇంప్లాంట్ వేయించుకుని, పైన క్యాపు దగ్గరకొచ్చేసరికి ఖర్చు తగ్గించమంటారు. అప్పుడు ప్లాస్టిక్ నమూనా మీద మైనం కట్టి, నికెల్-క్రోమియంతో పోతపోసి, దాన్ని నేరుగా ఇంప్లాంట్ మీద బిగిస్తారు. పోత వల్ల వచ్చిన అంచు కంపెనీ మెషీన్ మీద చేసిన అంచులా కూర్చోదు. లూప్ (భూతద్దం) కింద పెట్టి చూస్తే వెంట్రుక దూరేంత సందు కనపడుతుంది. అందులోకి ఉమ్మి పోతుంది, పాచి చేరుతుంది, నమిలినప్పుడల్లా రెండు లోహాలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

భీమవరం పక్కనున్న కాళ్ళ అనే ఊరి నుంచి వచ్చిన ఒక రొయ్యల రైతు నన్ను అడిగాడు: "ఏంటబ్బాయ్, లోహం లోహమే కదా, రెండూ గట్టివే కదా?" "బాబాయ్ గారూ, మీ చెరువులో ఏరేటర్ స్టీలు షాఫ్టుకి జీఐ (జింకు పూత ఇనుము) బోల్టు బిగిస్తే ఏమవుతుంది?" అన్నాను. "నాలుగు నెలలు తిరక్కుండా బోల్టు తినేస్తుంది" అన్నాడు. ఇంక ఏమీ వివరించక్కర్లేకపోయింది. ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు తగులుతూ ఉంటే వాటి మధ్య సన్నటి కరెంటు పుడుతుంది, రెండిట్లో తేలిగ్గా తుప్పు పట్టే తక్కువరకం లోహం కరుగుతుంది. నోట్లో ఉమ్మి ఆ ఉప్పునీళ్ళ పనే చేస్తుంది. కరిగేది టైటానియం కాదు, నికెల్. అది చిగురులోకి దిగుతుంది, నికెల్ పడనివాళ్ళకి దురద, మంట వస్తాయి. అలాంటి పోత క్యాపు ఒకటి విప్పి మా బల్ల మీదకి వచ్చినప్పుడు లోపలి అంచు చుట్టూ నల్లటి వలయం ఉంది, గోటితో గీకితే మసిలా వచ్చింది, వాసన భరించలేనిది. బయట పోర్సలిన్ (పింగాణీ) మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

కాబట్టి ఇలా అడగండి: "ఇంప్లాంట్‌కి తగిలే భాగం కంపెనీ మెషీన్ మీద చేసిన టైటానియమేనా?" అవును అంటే చాలు. టైటానియం బేస్ మీద జిర్కోనియా (పంటి రంగు సిరామిక్) అతికించింది గానీ, మొత్తం టైటానియం మిల్లింగ్ చేసింది గానీ మంచివి. అదే కంపెనీ భాగాలు దొరక్కపోతే కొలతలు సరిగ్గా సరిపోయేవి ఎక్కడివో డాక్టరు గారు ల్యాబ్‌ని అడగాలి. పక్క పంటిలో పాత వెండి ఫిల్లింగ్ ఉండి, అది ఇంప్లాంట్ క్యాపు లోహానికి తగులుతుంటే, ఆ ఫిల్లింగ్ మార్పించుకోవడం మంచిది. వీలున్నచోట సిమెంటుతో కాకుండా స్క్రూతో బిగించే క్యాపే చేయించుకోండి. చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు కంటికి కనపడదు, ఇంప్లాంట్ చుట్టూ చీము పట్టడానికి అదొక్కటి చాలు.

స్క్రూ బిగింపు కూడా తుప్పు విషయమే. ఎక్కువ కంపెనీలు 30, 35 న్యూటన్ సెంటీమీటర్ల దగ్గర బిగించమంటాయి. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) ఒకసారి బిగించి, ఓ పది నిమిషాలు ఆగి మళ్ళీ బిగించాలి. మొదటి బిగింపుకి మరల మీది సన్నటి ఎత్తులు అణిగి కొంచెం వదులవుతుంది. చేతి అంచనాతో బిగించిన స్క్రూ కదులుతుంది, కదిలే స్క్రూ పొరని అరగదీస్తుంది.

నాలాంటి టెక్నీషియన్లకి రెండు మాటలు. టైటానియానికి వాడే రబ్బరు చక్రాలు, బర్లు (అరగదీసే మొనలు), బ్లాస్టింగ్ ఇసుక వేరేగా పెట్టుకోండి, నికెల్-క్రోమియం మీద వాడినవి వాడకండి. బ్లాస్ట్ చేసేటప్పుడు ఇంప్లాంట్‌లో కూర్చునే చివర అనలాగ్ (ఇంప్లాంట్ నమూనా) బిగించి కప్పేయండి. అక్కడ ఇసుక తగిలితే కంపెనీ ఇచ్చిన అంచు పోయినట్టే. మామూలు మెటల్ పోర్సలిన్‌ని టైటానియం మీద కాల్చకండి. 882 డిగ్రీల దగ్గర టైటానియం లోపలి అమరిక మారిపోతుంది, అంత వేడికి పైన పెళుసు పొర కూడా కడుతుంది. 800 డిగ్రీల లోపు కాలే, టైటానియం కోసమే చేసిన పోర్సలిన్ వాడాలి.

రంగు వేయకుండా వచ్చే రంగు

చిగురు పల్చగా ఉన్నవాళ్ళకి ముందు పంటి దగ్గర బూడిదరంగు నీడ కనిపిస్తుంది. అది తుప్పు కాదు, లోపలి టైటానియం రంగు చిగురులోంచి కనపడటం. దీనికి మేము అబట్‌మెంట్‌ని యానోడైజ్ చేసి బంగారు రంగుకో గులాబీ రంగుకో తెస్తాం. రంగు డబ్బా ఏమీ ఉండదు. ఆక్సైడ్ పొర మందం పెరిగేకొద్దీ వెలుగు దానిలోపల తిరిగొచ్చే తీరు మారి రంగు కనిపిస్తుంది.

అబట్‌మెంట్‌ని అల్ట్రాసోనిక్‌లో కడిగి, ఆవిరి పట్టి, ఆ తర్వాత వేలితో ముట్టుకోకుండా టైటానియం తీగకి తగిలిస్తాం. గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్, అందులో కాస్త వంటసోడా. 9 వోల్టుల బ్యాటరీలు ఏడు వరసగా కలిపితే 63 వోల్టులు. ప్లస్ తీగ అబట్‌మెంట్‌కి, మైనస్ తీగ నీళ్ళలో నిలబెట్టిన అల్యూమినియం రేకుకి. ముంచగానే బుడగలు లేస్తాయి. మొదట గోధుమ రంగు, వెంటనే ఊదా, నీలం, ఆ నీలం వెలిసి తెల్లబడి, దానిలోంచి పసుపు తేలి బంగారు రంగు దగ్గర ఆగిపోతుంది. అంతా కొన్ని సెకన్లలోనే. ఆ వోల్టేజీకి అంత మందమే కడుతుంది, ఎంతసేపు ఉంచినా రంగు ముందుకు జరగదు. గులాబీ కావాలంటే 70 వోల్టులు దాటాలి. ప్లస్ వైపు రాగి క్లిప్పు నీళ్ళకి తగలకూడదు, తగిలితే రాగి కరిగి పని పాడవుతుంది. 60 వోల్టుల డీసీ షాక్ కొడుతుంది. చేతులు పొడిగా ఉండాలి, రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి, ఒక్కరే ఉన్నప్పుడు చేయకూడదు. మందమైన పొర కాబట్టి తుప్పుని ఇంకా బాగా ఆపుతుంది, కానీ గీకితే రంగు పోతుంది. ఆ మాట క్యాపుతో పాటు క్లినిక్‌కి చెప్పి పంపాలి.

ఇంట్లోనూ క్లీనింగ్‌లోనూ

పిడక కచ్చిక, బొగ్గు, ఉప్పు, ఎర్ర పళ్ళపొడి, వీటన్నిటినీ మానేయండి. కోనసీమలో పెద్దవాళ్ళు చాలామంది ఇంకా కచ్చికతోనే తోముకుంటారు, ఇంప్లాంట్ ఉన్నచోట మాత్రం అది వద్దు. చిగురు అంచున ఉన్న లోహం, పోర్సలిన్ రెండూ గీతలు పడి పాచిని పట్టుకుంటాయి. మెత్తటి బ్రష్, మామూలు పేస్టు చాలు. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ సుమారు 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) ఉంటుంది, అది ఆమ్లం కాదు, దానివల్ల టైటానియానికి భయం లేదు. పళ్ళ సందుల్లో తిప్పే చిన్న బ్రష్ కొనేటప్పుడు మధ్య తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నదే తీసుకోండి.

భయపడాల్సింది క్లినిక్‌లో ట్రేలో పోసి పళ్ళకి పెట్టే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్‌కి. దాన్ని ఏపీఎఫ్ అంటారు. 1.23 శాతం, అంటే 12,300 పీపీఎం ఫ్లోరైడ్, పీహెచ్ 3.5 దగ్గర. ఆ ఆమ్లంలో ఫ్లోరైడ్ కొంత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. టైటానియం పొరని కరిగించగల కొద్ది పదార్థాల్లో అదొకటి. పోర్సలిన్ మెరుపు కూడా పోతుంది. మిగతా పళ్ళు పుచ్చకుండా ఉండటానికి, ముఖ్యంగా రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి, ఫ్లోరైడ్ కావాల్సిందే. అందుకని వద్దనకండి, "డాక్టరు గారూ, నాకు ఇంప్లాంట్ ఉందండి, న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ పెట్టండి" అనండి. వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

గార తీయించుకునేటప్పుడు కూడా కుర్చీలో కూర్చోగానే ఏ పన్ను ఇంప్లాంటో వేలు పెట్టి చూపించండి. మామూలు స్టీలు స్కేలరు టైటానియం కంటే గట్టిది, గీతలు పెడుతుంది. పీక్ అనే గట్టి ప్లాస్టిక్ మొన, టైటానియం క్యూరెట్ (గీకే పరికరం), గ్లైసిన్ పొడి ఊదే మెషీను, వీటిలో ఏదో ఒకటి వాడాలి.

ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చమనండి. మొదటి ఏడాది ఎముక కాస్త దిగడం మామూలే. ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటర్ల లోపే ఉండాలన్నది 1986 నుంచి చెప్పుకుంటున్న కొలమానం. తోముకుంటే రక్తం, నొక్కితే చీము, నోట్లో లోహపు రుచి, దుర్వాసన వస్తే ఏడాది దాకా ఆగొద్దు. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కరు, అంటే కంపెనీ, కొలత, లాట్ నంబరు ఉన్నది, అడిగి తీసుకుని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. దుబాయ్ వెళ్ళినా హైదరాబాద్ వెళ్ళినా ఆ నంబర్లు ఉంటేనే సరైన స్క్రూ దొరుకుతుంది.

క్యాపు కదులుతున్నట్టు అనిపిస్తే ఆ వైపు నమలడం ఆపేసి రెండు మూడు రోజుల్లో క్లినిక్‌కి వెళ్ళండి. చాలాసార్లు స్క్రూ మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. ఊడి చేతికొస్తే కడిగి, చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. ఇంట్లో ఫెవిక్విక్ పెట్టి అతికించకండి. ఆ జిగురు స్క్రూ రంధ్రంలోకి దిగితే తీయడానికి డ్రిల్ పెట్టాల్సి వస్తుంది, డ్రిల్ తగిలితే ఇంప్లాంట్ లోపలి మరలు పోతాయి.